విశాఖ రేవు, పలు దేశాల జెండాలు, ఒక అధికారి సర్వీసు

2007 సెప్టెంబరు మొదటి వారంలో విశాఖపట్నం పేరు మీద రెండు యాత్రలు సాగాయి. సముద్రం మీద మలబార్ విన్యాసాలకు అయిదు దేశాల యుద్ధనౌకలు వచ్చాయి: భారత్, అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా, సింగపూర్. అమెరికా తెచ్చిన విమానవాహక నౌకలు రెండు, నిమిట్జ్, కిటీ హాక్. మన వైపు నుంచి విరాట్. నేల మీద వామపక్షాల జాతాలు, ఒకటి కోల్‌కతా నుంచి, ఇంకొకటి చెన్నై నుంచి, ఊరూరా సభలు పెట్టుకుంటూ వచ్చి 8వ తేదీన విశాఖలో కలిశాయి. అమెరికాతో ఈ సైనిక స్నేహం మన స్వతంత్ర విదేశాంగ విధానాన్ని తినేస్తుందని జాతాల వాదన. ఇంత పెద్ద సముద్రాన్ని ఒంటరిగా ఎవరూ కాయలేరు, తోటి నౌకాదళాలతో అలవాటు ఉండాల్సిందేనని నౌకాదళం వాదన.

ఈ రెండు వాదనల మీదా పత్రికల్లో చాలానే వచ్చింది. వాటి మధ్య నిలబడి పని చేసిన మనిషి గురించి మాత్రం చాలా తక్కువగా రాశాం. విన్యాసాలను నెలల ముందు కాగితం మీదకు తెచ్చిన అధికారి, ఏ దేశపు నౌక ఏ వరసలో నడవాలో, ఎవరి రేడియోకు ఎవరు జవాబివ్వాలో, ఎంతవరకు చెప్పాలో, ఎక్కడ ఆపాలో నిర్ణయించిన అధికారి. అతను ఎలా తయారవుతాడు? అతని అనుభవం అతనితోనే పోతుందా, వ్యవస్థకు మిగులుతుందా? తూర్పు నౌకాదళానికి కేంద్రమైన విశాఖ నుంచి చూస్తే ఈ ప్రశ్నకు దాదాపు అరవై ఏళ్ల చరిత్ర ఉంది. ఈ చరిత్రను వెనక్కి తిరిగి చూసిన కొద్దీ నాకు కలిగిన నమ్మకం ఒకటే. వ్యూహరచన, విదేశాలతో సహకారం అనేవి వేరు వేరు కొలువులు కావు, ఒకే పనికి రెండు పేర్లు. ఆ పనిలో ఆరితేరినవాళ్లు మనకు ఎప్పుడూ ఉన్నారు. వాళ్ల నేర్పును నిలుపుకునే ఏర్పాటే మనం చేసుకోలేదు.

మొదట అడ్మిరల్ రామ్‌దాస్ కటారి దగ్గర మొదలుపెట్టాలి. సికింద్రాబాద్‌లో చదువుకున్న ఈయన 1927లో డఫరిన్ శిక్షణ నౌకలో చేరిన తొలి బ్యాచ్ కేడెట్లలో ఒకరు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక నౌకాదళ రిజర్వులో చేరారు. 1958 ఏప్రిల్‌లో, స్వాతంత్ర్యం వచ్చిన దాదాపు పదకొండేళ్లకు, మన నౌకాదళానికి తొలి భారతీయ అధిపతి అయ్యారు. అప్పటిదాకా ఆ కుర్చీలో బ్రిటిష్ అధికారులే కూర్చున్నారు. ఆ తరం అధికారులకు పలు దేశాలతో కలిసి పనిచేయడం వింతేమీ కాదు. సింహళంలోని ట్రింకోమలీ దగ్గర కామన్వెల్త్ నౌకాదళాలు ఏటా కలిసి విన్యాసాలు చేసేవి. వాటిలో భారత్ నౌకలూ పాకిస్థాన్ నౌకలూ ఒకే ఆజ్ఞ కింద నడిచిన రోజులున్నాయి. అయితే అక్కడ ఆటకు నియమాలు రాసింది బ్రిటన్. మనవాళ్లు నేర్చుకున్నది క్రమశిక్షణ, సంకేతాల భాష, పెద్ద సమూహంలో నౌకను నడిపే ఒడుపు. ఎవరితో, ఎందుకు కలవాలి అన్న నిర్ణయం మన చేతిలోకి రావడానికి ఇంకా కాలం పట్టింది. కటారి పదవీ విరమణ చేశాక కొన్నేళ్లకు బర్మాలో మన రాయబారిగా వెళ్లారు. నౌకాధిపతి రాయబారి కావడం గౌరవ పదవిగా మాత్రమే కనిపించవచ్చు. బంగాళాఖాతం మ్యాపు తీసి చూస్తే, ఆ సముద్రానికి అవతలి గట్టున ఎవరున్నారో తెలిసిన మనిషినే అక్కడికి పంపారని అర్థమవుతుంది.

విశాఖలో 1968 మార్చి 1న తూర్పు నౌకాదళ కమాండ్ ఏర్పడింది. మూడేళ్లకే దానికి అసలు పరీక్ష ఎదురైంది. 1971లో ఆ కమాండ్‌కు అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్. ఆయన చేతిలో విమానవాహక నౌక విక్రాంత్ ఉంది, కానీ దాని బాయిలర్‌కు పగులు, పూర్తి వేగంతో పరిగెత్తలేదు. పాకిస్థాన్ జలాంతర్గాముల్లో బంగాళాఖాతం దాకా వచ్చి తిరిగి వెళ్లగల శక్తి ఘాజీకి ఒక్కదానికే ఉంది. విక్రాంత్ కోసం అది తప్పక వస్తుందని లెక్కవేసిన కృష్ణన్ విక్రాంత్‌ను అండమాన్ దీవుల్లో దాచి, అది విశాఖ దగ్గరే ఉందన్న భ్రమ పుట్టించారు. పాతబడిన రాజ్‌పుత్ అనే డిస్ట్రాయర్‌ను విక్రాంత్‌లా నటింపజేశారు. పెద్ద నౌకకు సరిపడా సరుకులకు ఆర్డర్లు వెళ్లాయి. శత్రువు వినేలా సందేశాలు పంపారు. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖ రేవు ముఖద్వారానికి కొద్ది దూరంలో ఘాజీ పేలి మునిగిపోయింది. దాని శకలాలు మొదట చేతికందింది మన జాలర్లకే.

ఘాజీ ఎలా మునిగిందన్న దాని మీద ఇప్పటికీ భిన్నాభిప్రాయాలున్నాయి. రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల వల్లనని మన అధికారిక కథనం. తాను పరిచిన మైన్ తనకే తగిలిందని కొందరు, లోపలే పేలుడు జరిగిందని కొందరు. నా దృష్టిలో ఈ తగువు ముఖ్యమైన విషయాన్ని కప్పేస్తోంది. పేలుడుకు కారణం ఏదైనా, ఘాజీ వెతికింది విశాఖ దగ్గర, విక్రాంత్ ఉన్నది అండమాన్‌లో. ఎదుటివాడు ఏమనుకుంటాడో వాడి కన్నా ముందు ఊహించడంలోనే వ్యూహం గెలిచింది. ఆ ఊహకు ఆధారం సముద్ర జ్ఞానం ఒక్కటే కాదు, ఎదుటి అధికారి చదువు, అతని నౌక పుట్టుక, అతని అలవాట్లు కూడా. ఘాజీ నిజానికి డయాబ్లో అనే అమెరికా జలాంతర్గామి, సైనిక సాయం కింద పాకిస్థాన్‌కు చేరింది. అంటే విశాఖ వాకిట్లో మునిగినది కూడా రెండు దేశాల సైనిక సహకారపు ఫలమే.

అదే డిసెంబరులో అమెరికా విమానవాహక నౌక ఎంటర్‌ప్రైజ్ బంగాళాఖాతంలోకి వచ్చింది. దాని వెనకే సోవియట్ పసిఫిక్ నౌకలు వచ్చాయి. ఆ రోజుల్లో తూర్పు నౌకాదళంలో బియాస్ అనే యుద్ధనౌకకు కమాండర్ లక్ష్మీనారాయణ్ రామ్‌దాస్. తూర్పు పాకిస్థాన్ తీరాన్ని దిగ్బంధించిన పనికి ఆయనకు వీరచక్ర వచ్చింది. ఆయన సర్వీసును కొంచెం నిదానంగా చూడాలి. మనం అడుగుతున్న ప్రశ్నకు దానికన్నా నిండైన ఉదాహరణ నాకు దొరకలేదు.

యుద్ధం ముగిసిన కొద్దికాలానికి రామ్‌దాస్‌ను పశ్చిమ జర్మనీ రాజధాని బాన్‌లో నౌకాదళ ప్రతినిధిగా నియమించారు. నౌక బ్రిడ్జి మీద నిలబడ్డ మనిషి అక్కడ రాయబార కార్యాలయం బల్ల ముందు కూర్చున్నాడు. ప్రచ్ఛన్న యుద్ధపు యూరప్‌ను, నాటో అధికారుల ఆలోచనను దగ్గరగా చూశాడు. తర్వాత తూర్పు నౌకాదళానికి అధిపతిగా విశాఖ వచ్చారు. 1990 నవంబరు చివర్లో మొత్తం నౌకాదళానికి అధిపతి అయ్యారు. ఆయన హయాంలోనే, 1992 మేలో, అమెరికాతో తొలి మలబార్ విన్యాసాలు జరిగాయి. ఎంటర్‌ప్రైజ్ బెదిరింపును బియాస్ మీద నుంచి ఎదుర్కొన్న తరంవాడు ఇరవై ఏళ్లకు అదే దేశంతో కలిసి సముద్రంలోకి వెళ్లడానికి సిద్ధపడ్డాడు. నౌకాదళంలో మహిళా అధికారుల నియామకం మొదలైంది కూడా ఆ కాలంలోనే. పదవి దిగాక పాకిస్థాన్‌తో శాంతి కోసం పౌర వేదికలు కట్టారు. 2004లో పాకిస్థానీ పాత్రికేయుడు ఐ.ఎ. రెహ్మాన్‌తో కలిసి రామన్ మెగసెసే పురస్కారం అందుకున్నారు. 2024 మార్చిలో హైదరాబాద్‌లో కన్నుమూశారు. అడ్మిరల్ కటారి ఆయనకు మామగారు.

ఒకే మనిషి యుద్ధం చేశాడు, విదేశంలో ప్రతినిధిగా ఉన్నాడు, పాత ప్రత్యర్థితో విన్యాసాలకు తలుపు తెరిచాడు, చివరకు శత్రుదేశపు పౌరులతో శాంతి గురించి మాట్లాడాడు. ఇందులో వైరుధ్యం ఉందనేవాళ్లున్నారు. నాకు మాత్రం ఒకే దారి కనిపిస్తుంది. ఎదుటి దేశాన్ని దగ్గరగా చదివినవాడికి దానితో ఎప్పుడు పోరాడాలో, ఎప్పుడు కూర్చుని మాట్లాడాలో తెలుస్తుంది. ఆ చదువే వ్యూహకర్తకు పెట్టుబడి.

సైన్యం వైపు తెలుగువారిలో దీనికి దీటైన పేరు జనరల్ కె.వి. కృష్ణారావుది. 1981 నుంచి 1983 వరకు సైన్యాధిపతి. అంతకు ముందే, 1970ల నడిమి కాలంలో, సైన్యం పునర్వ్యవస్థీకరణపై నిపుణుల కమిటీకి అధ్యక్షత వహించి రాబోయే పాతికేళ్లకు ప్రణాళిక గీశారు. మనదేశంలో సైనిక ప్రణాళికను బడ్జెట్ ఏడాదితో కాకుండా తరంతో కొలిచిన తొలి ప్రయత్నాల్లో అదొకటి. కమిటీ నివేదికల్లో పండిన వ్యూహం ఆయనది. నౌకాదళంలో ప్రణాళిక మరో రకంగా పండుతుంది. సముద్రానికి కంచె లేదు కాబట్టి, కాగితం మీద ఏది గీసినా అందులో పరాయి నౌక ఒకటి ఉండి తీరుతుంది.

విశాఖ విషయంలో ఇంకో పాయను మరచిపోకూడదు. అది సోవియట్ పాయ. 1967 డిసెంబరులో రీగా రేవులో కల్వరి జలాంతర్గామి మన నౌకాదళంలో చేరింది. ఆర్కే బీచ్‌లో ఈనాడు మ్యూజియంగా నిలిచిన కురుసుర దాని తోబుట్టువే. ఆ నౌకలను తీసుకురావడానికి మన అధికారులు, నావికులు సోవియట్ యూనియన్‌కు వెళ్లి నెలల తరబడి అక్కడే ఉన్నారు, రష్యన్ నేర్చుకున్నారు, రష్యన్‌లో పరీక్షలు రాశారు. విశాఖలో జలాంతర్గామి స్థావరం వీరబాహు, దానికి తగిన డాక్‌యార్డు ఏర్పడ్డాయి. 1979లో ఉక్కు కర్మాగారానికి సోవియట్ ఒప్పందం కుదిరింది. 1988లో చక్ర అనే అణు జలాంతర్గామి అద్దెకు వచ్చింది. ఆ అనుభవం మీదే తర్వాత ఇక్కడే 2009లో అరిహంత్ నీళ్లలోకి దిగింది. ఉక్కు నగరానికీ నౌకా నగరానికీ ఒకే దేశం ఇంజనీర్లు వచ్చి, ఇక్కడే కాపురాలుండి పని చేశారు.

ఆ సహకారంలో పండుగ హంగు లేదు. జెండాల కవాతులు, బీచ్ రోడ్డు మీద బ్యాండు మేళాలు లేవు. కానీ లోతు ఉంది. ఒక నౌకను విప్పి మళ్లీ కట్టగలిగినంత లోతు. దాని దోషమూ అంత పెద్దదే: ఒకే దేశం మీద ఆధారపడటం. 1991లో సోవియట్ యూనియన్ కూలినప్పుడు విడిభాగాల కోసం మన నౌకాదళం పడిన అవస్థ ఆ తరం అధికారులకు బాగా గుర్తు. 1992లో మలబార్ మొదలైన కాలాన్ని ఈ నేపథ్యంలో చూడాలి. పాత ఆసరా జారిపోతున్నప్పుడు చేయి చాచడం అవసరం. అలా చూస్తే 2007 జాతాలు అడిగిన ప్రశ్న తప్పు కాదు, ఒక దేశం బదులు ఇంకో దేశం మీద ఆధారపడతామా అన్నది న్యాయమైన ప్రశ్నే. దానికి నౌకాదళం ఇచ్చిన జవాబు మాటల్లో కన్నా పనిలో ఎక్కువ కనిపిస్తుంది: అందరినీ పిలవడం.

ఆ పిలుపు పేరే మిలన్. 1995లో పోర్ట్‌బ్లెయిర్‌లో ఇండోనేషియా, సింగపూర్, శ్రీలంక, థాయ్‌లాండ్‌లతో మొదలైంది. 2004 డిసెంబరు సునామీ దాని విలువను తేల్చి చెప్పింది. సొంత తీరం దెబ్బతిన్న గంటల్లోనే మన నౌకలు శ్రీలంకకు, మాల్దీవులకు, తర్వాత ఇండోనేషియాకు సహాయం పట్టుకుని వెళ్లాయి. ఎవరిని పిలవాలో, ఏ రేవులో ఎంత లోతు ఉందో, అక్కడి అధికారి ఎవరో తెలిసి ఉండటం వల్లే అది సాధ్యమైంది. ఆ కష్టకాలంలోనే భారత్, అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా సహాయ పనుల కోసం ఒక్కచోటికి వచ్చాయి. నేటి నాలుగు దేశాల కూటమికి మూలం అక్కడుంది. 2008లో అడ్మిరల్ సురీష్ మెహతా చొరవతో హిందూ మహాసముద్ర నౌకాదళాల వేదిక ఏర్పడింది. 2007లో అమెరికా నుంచి కొన్న పాత ట్రెంటన్ నౌక జలాశ్వగా విశాఖ చేరింది. 2020లో కోవిడ్ వేళ మాల్దీవుల నుంచి మనవాళ్లను వెనక్కి తెచ్చింది ఆ జలాశ్వే. అమెరికాతో కలిసి ఈ తీరంలో, కాకినాడ దగ్గర చేసే టైగర్ ట్రయంఫ్ విన్యాసాల్లో విపత్తు సహాయానికే పెద్దపీట.

పెద్ద వేడుకలకు విశాఖ వేదికైంది 2016 ఫిబ్రవరిలో, అంతర్జాతీయ నౌకా సమీక్షతో. దాదాపు యాభై దేశాలు పాల్గొన్నాయి. అప్పటికి హుద్‌హుద్ తుపాను ఈ ఊరిని చిందరవందర చేసి పదహారు నెలలే అయింది. 2014 అక్టోబరు 12న చెట్టన్నది మిగలని నగరం అంతలోనే లోకానికి ఆతిథ్యమిచ్చింది. నౌకాదళ ప్రణాళికాధికారులతో పాటు మున్సిపల్ సిబ్బందికీ, విద్యుత్ కార్మికులకూ ఆ ఘనతలో వాటా ఉంది. 2020 మార్చిలో మిలన్‌ను తొలిసారి విశాఖకు తేవాలనుకుంటే కోవిడ్ వచ్చి ఆగిపోయింది. చివరకు అది 2022 ఫిబ్రవరి 25న మొదలైంది. అంతకు ముందు రోజే రష్యా ఉక్రెయిన్ మీద దాడికి దిగింది. లోకం రెండుగా చీలిన ఆ వారంలో నలభై దాకా ఆహ్వానిత దేశాలతో రేవులో సమావేశాలు, సముద్రంలో విన్యాసాలు నడిపించడం ఎంత సున్నితమైన పనో ఊహించవచ్చు. 2024 మిలన్‌కు అమెరికా నౌకా వచ్చింది, రష్యా నౌకలూ వచ్చాయి. ఆ రెండు దేశాల నౌకలు ఒకే ఆతిథ్యం కింద నిలిచే రేవులు ఆనాటికి ప్రపంచంలో ఎన్నో లేవు. 2026 ఫిబ్రవరికి నౌకా సమీక్ష, మిలన్, హిందూ మహాసముద్ర వేదిక సమావేశం మూడింటికీ విశాఖనే ఎంచుకున్నారు.

ఇక్కడే నా ఆందోళన. 2020లో మిలన్‌కు సన్నాహం చేసినప్పుడు తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ అతుల్ కుమార్ జైన్. 2022లో నడిపించింది వైస్ అడ్మిరల్ విశ్వజిత్ దాస్‌గుప్తా. 2024లో వైస్ అడ్మిరల్ రాజేశ్ పెంఢార్కర్. 2026కు ముందే, 2025 అక్టోబరు చివర్లో, వైస్ అడ్మిరల్ సంజయ్ భల్లా బాధ్యతలు తీసుకున్నారు. నాలుగు సన్నాహాలకు నలుగురు అధిపతులు. కింది స్థాయి అధికారులూ రెండేళ్లకు అటూ ఇటూ బదిలీ అవుతూనే ఉంటారు. ఒక దేశపు నౌకాదళంలో ఎవరి మాట చెల్లుతుందో, ఏ విషయం అడిగితే నొచ్చుకుంటారో, ఏ రేడియో ఏ రేడియోతో కలవదో తెలుసుకునేసరికి బదిలీ ఉత్తర్వు వస్తుంది. అమెరికా నౌకాదళంలో ప్రాంతాల వారీగా భాష, రాజకీయం చదివి జీవితాంతం అదే పనిలో ఉండే అధికారుల శాఖ వేరుగా ఉంది. మన దగ్గర విదేశాల్లో ప్రతినిధులుగా వెళ్లేవాళ్లు సాధారణ అధికారులే. మూడేళ్లు అక్కడుండి వచ్చి మళ్లీ నౌకలకో, శిక్షణ సంస్థలకో వెళ్లిపోతారు.

దీనికి ఎదురు వాదన బలహీనమైనదేమీ కాదు. సముద్రంలో నౌక నడిపిన అనుభవమే తోటి నౌకాదళాల దగ్గర గౌరవం తెస్తుంది. బల్ల దగ్గరే పండిపోయిన నిపుణుడి మాటను తుపానులో నిలబడ్డ కెప్టెన్ పట్టించుకోడు. రామ్‌దాస్ బాన్‌లో పనికొచ్చింది ముందు బియాస్ నడిపినందువల్లనే. వెల్లింగ్టన్ స్టాఫ్ కాలేజీలో, ఢిల్లీ నేషనల్ డిఫెన్స్ కాలేజీలో విదేశీ అధికారులతో పాటు కూర్చుని చదివిన చనువు దశాబ్దాల తర్వాత ఫోన్ చేస్తే పలికే స్నేహమవుతుందన్నదీ నిజం. ఈ వాదనను నేను సగమే ఒప్పుకుంటాను. నౌక నడపడం తప్పనిసరి, కానీ నడిపినవారిలో కొందరిని ఎంచి, మయన్మార్, ఇండోనేషియా, బంగ్లాదేశ్ లాంటి పొరుగు గట్టుల మీదే పదేళ్లు నిలపడానికి ఇది అడ్డు కాదు. 1967లో రష్యన్ నేర్చుకున్నవాళ్ల అవసరం ఎంత ఉండేదో, ఈ తీరంలో ఇప్పుడు బర్మీస్, బహసా మాట్లాడే అధికారుల అవసరం అంత ఉంది. అప్పుడు చేశాం, ఇప్పుడు ఎందుకు చేయకూడదు?

రెండో చిక్కు రహస్యానిది. విశాఖ అణు జలాంతర్గాముల ఇల్లు. ఆ ఇంటికే పలు దేశాల అతిథులను పిలుస్తున్నాం. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ పోలీసు నిఘా విభాగం బయటపెట్టిన గూఢచర్యం కేసులో నౌకాదళ సిబ్బంది ఏడుగురు అరెస్టయ్యారు. అది విన్యాసాలకు సంబంధించినది కాకపోయినా, ఈ రేవు మీద ఎన్ని కళ్లున్నాయో చెప్పింది. దక్షిణాన రాంబిల్లి దగ్గర కడుతున్న కొత్త స్థావరం ఈ చిక్కును కొంత విప్పవచ్చు. దానికోసం ఇళ్లూ వేట రేవులూ వదులుకున్న మత్స్యకార కుటుంబాల త్యాగాన్ని కూడా వ్యూహపు లెక్కలో రాయాలి. విన్యాసాల రోజుల్లో వేట మానుకోమని చెప్పినప్పుడు నష్టపోయే కూలి కూడా ఆ లెక్కలోదే. ప్రణాళికాధికారి బల్ల మీద ఉండే మ్యాపులో జాలరిపేట గుర్తు ఉండాలని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. ఘాజీ శకలాలు తెచ్చి ఇచ్చింది వాళ్లే.

మూడోది, మనం రాసేవాళ్లం చేయాల్సిన పని. కటారి, కృష్ణన్, కృష్ణారావు తమ అనుభవాలు పుస్తకాలుగా రాశారు. నౌకాదళ చరిత్రను వైస్ అడ్మిరల్ హీరానందానీ సంపుటాలుగా కూర్చారు. అన్నీ ఇంగ్లిషులో. తూర్పు నౌకాదళం కొలువున్న ఊళ్లో, దాని డాక్‌యార్డులో మూడు తరాల తెలుగువాళ్లు పనిచేసిన ఊళ్లో, ఈ విషయం మీద తెలుగులో నిలబడే పుస్తకాల కోసం వెతుక్కోవాలి. రష్యన్ నేర్చుకుని జలాంతర్గామి మరమ్మతు చేసిన ఫిట్టర్, సోవియట్ ఇంజనీర్లకు దుబాసీగా నిలిచిన ఉక్కు ఉద్యోగి, 2004లో సునామీ సహాయానికి బయల్దేరిన నావికుడు, వీళ్ల మాటలు రికార్డు చేయడం ఆంధ్రా విశ్వవిద్యాలయం, నౌకాదళం కలిసి మొదలుపెట్టగల పని. రీగాకు, వ్లాదివోస్తోక్‌కు వెళ్లిన తొలి బృందాల్లో అప్పటి ఇరవై ఏళ్ల కుర్రాళ్లకు ఇప్పుడు ఎనభై దగ్గర పడుతోంది. ఈ పనికి అయిదేళ్ల తర్వాత ముహూర్తం పెట్టుకోవడం కుదరదు.